ఒట్టి కారం

మార్కెట్టు మారుతోంది, మనమూ మారకపోతే మట్టికొట్టుకుపోతాం అని ఎవరైనా మైకు పట్టుకుని చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పింది అబద్ధమని కాదు. నిజమే. ఆ సంగతి మా ఇంట్లో ఏ మైకూ లేకుండానే తెలిసింది. కాకపోతే ఈ చెప్పేవాళ్ళు, మారడమంటే చొక్కా మార్చుకున్నంత తేలికన్నట్టు నవ్వుతూ చెబుతారు. మా అమ్మ మారింది. ఆవిడ మారినప్పుడు ఇంట్లో ఏం జరిగిందో నేను దగ్గరుండి చూశాను కాబట్టి నాకు ఆ నవ్వు నచ్చదు.

ఎనభైల మొదట్లో మేము నల్లపాడులో చర్చి వెనక వీధిలో ఉండేవాళ్ళం. నాన్న పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు. అమ్మా, వాళ్ళక్కా, అంటే మా పెద్దమ్మ, కారం కొట్టేవాళ్ళు. ఇప్పటి పిల్లలకి చెబితే అదీ ఒక పనేనా అన్నట్టు చూస్తారు. అప్పట్లో కాస్త కలిగిన ఇళ్ళల్లో కారం కొనుక్కోవడమనే మాటే లేదు. కళ్ళాల్లో మిరపకాయలు ఎండి గుంటూరు మార్కెట్ యార్డుకి రావడం మొదలవగానే ఏడాదికి సరిపడా కాయలు తెచ్చుకుని, తొడిమలు తీయించి, డాబా మీద పెళపెళలాడేదాకా ఎండబెట్టి, కారం కొట్టే ఆడవాళ్ళకి కబురు పెట్టేవాళ్ళు. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి తొలకరి దాకా అమ్మకీ పెద్దమ్మకీ ఆదివారం ఒక్కటే తీరిక.

ఏ ఇంటికి ఎవరు కొట్టాలన్నదానికి ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి ఇంటికి ఇంకొకరు పోకూడదు. పోతే వీధిలో జుట్లు పట్టుకునేదాకా వచ్చేది. పొలం ఉన్నవాళ్ళు మా పొలం అన్నట్టే వీళ్ళు "మా ఇళ్ళు" అనేవాళ్ళు. మా ఇళ్ళన్నీ గుంటూరులో, బ్రాడీపేటలోనూ అరండల్‌పేటలోనూ ఉండేవి. నిజానికి అవి పెద్దమ్మ ఇళ్ళు. అమ్మమ్మ పోయేనాటికి అమ్మ ఇంకా గౌన్లు వేసుకునే పిల్ల. పెద్దమ్మే పెంచింది, తను కొట్టే రోలు దగ్గరే నిలబెట్టి రోకలి పోటు వేయడం నేర్పింది, పెళ్ళి చేసింది, పెళ్ళయ్యాక తన ఇళ్ళల్లో సగం భాగం ఇచ్చింది. ఆవిడ మొగుడు పెళ్ళైన కొత్తలోనే పోయాడు. పిల్లల్లేరు. మా ఇంటి పక్క గదిలోనే ఉండేది, మా పొయ్యి మీదే వండుకునేది.

ఆ పని చేసేటప్పుడు పెద్దమ్మని చూడాలి. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, అరచేతులకి ఆముదం రాసుకుని, రోకలి పైకి లేపిందంటే మళ్ళీ అది ఎక్కడ పడాలో అక్కడే పడేది. ఒకే రోట్లో ఇద్దరూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పోటు వేసేవాళ్ళు. అమ్మ కాస్త వెనకబడిందా, పెద్దమ్మ ఊరుకునేది కాదు.

"ఏందే పిల్లా, పొద్దున గంజి తాగలేదా? నువ్వు రోకలి లేపుతన్నావా, రోకలి నిన్ను లేపుతందా?"

"నీ నోరు కొట్టినంతగా నా చేతులు కొట్టలేవులే అక్కా," అనేది అమ్మ. ఇద్దరూ గుడ్డల వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వితే ఘాటు లోపలికి పోయి దగ్గొచ్చేది. మళ్ళీ నవ్వేవాళ్ళు.

ఒట్టి మిరపకాయలు దంచితే దాన్ని మావాళ్ళు కారం అనరు. కాయలు సగం నలిగాక వేయించిన ధనియాలూ జీలకర్రా మెంతులూ పడాలి, కల్లుప్పు పడాలి, చివర్లో పొట్టు తీసిన వెల్లుల్లి పడాలి. ఆ వెల్లుల్లి పడ్డాక వచ్చే వాసనకి పక్కింటివాళ్ళు కూడా గోడ మీద నుంచి తొంగి చూసేవాళ్ళు. ఇంటావిడ ఆ పూట వేడన్నంలో కొత్తకారం, నూనె కలిపి అందరికీ ముద్దలు పెట్టేది. మాకూ పెట్టేది. కాకపోతే పెరట్లో, విస్తరాకులో. మంచినీళ్ళు అడిగితే పైనుంచి ఎత్తి పోసేవాళ్ళు. మావాళ్ళు కొట్టిన కారం వంటింట్లోకి వెళ్ళి ఏడాదంతా జాడీలో కూర్చునేది, కొట్టినవాళ్ళు మాత్రం పెరటి దారినే వచ్చి పెరటి దారినే పోవాలి. పెద్దమ్మ దాన్ని పట్టించుకునేది కాదు. అమ్మకి మాత్రం కడుపులో మండేది. దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చేది.

మొదట గుంటూరులో కారం మరలు వచ్చాయి. మావాళ్ళు భయపడలేదు. మరలో పోస్తే కారం కాగిపోతుంది, రుచి పోతుంది అని ఇళ్ళవాళ్ళే అనేవాళ్ళు. దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. పెరళ్ళు పోయాయి. పెద్ద ఇళ్ళని పోర్షన్లుగా విడగొట్టి అద్దెకిచ్చారు, ఖాళీ జాగాలో ఇంకో గది వేశారు, పైన మేడ కట్టారు. రోలు ఎక్కడ పెట్టాలి? మేడ మీద రోకలి పోటు వేస్తే కింద అద్దెకున్నవాళ్ళు ఊరుకుంటారా? కొత్త కోడళ్ళు బ్యాంకులకీ స్కూళ్ళకీ ఉద్యోగాలకి పోతున్నారు. మిరపకాయలు ఎండబెట్టి కాకులు తోలుతూ కూర్చునేదెవరు? ఇళ్ళల్లోకి మిక్సీలు వచ్చాయి, ఆ తర్వాత టీవీలు వచ్చాయి. టీవీలో ఒకావిడ పట్టుచీర కట్టుకుని కారం ప్యాకెట్టు కత్తిరించి కూరలో వేసి నవ్వేది. ఆవిడకి తుమ్మైనా రాదు.

నేను డిగ్రీలో చేరిన ఏడు అరండల్‌పేటలో మా పెద్ద ఇల్లు, అంటే అందరికన్నా ఎక్కువ కారం కొట్టించుకునే ఇల్లు, కబురు పెట్టలేదు. మర్చిపోయారేమోనని పెద్దమ్మే వెళ్ళింది. కాలేజీకి సెలవు కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. ఇంటావిడ పెరటి తలుపు తీసి, కాస్త ఇబ్బందిగానే చెప్పింది.

"ఈ ఏడు వద్దులే. మేమున్నది నలుగురం. మా కోడలు ప్యాకెట్లు తెస్తానంటోంది."

"ప్యాకెట్టేంది అమ్మగారూ, కారమేమన్నా బిస్కెట్టా?" అంది పెద్దమ్మ.

ఆవిడ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. ఆ ఎండాకాలం పోయేసరికి మా ఇళ్ళల్లో సగానికి సగం పోయాయి.

అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంటూ కూర్చునే మనిషి కాదు. స్టేషను దారిలో కిరాణా కొట్టు నడిపే సాయిబు గారి దగ్గర ఆ టీవీ కారం ప్యాకెట్టు ఒకటి కొనుక్కొచ్చి, కంచంలో పోసి, వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంది.

"ఇదా? దీనికా మన ఇళ్ళు పోయింది? ఉప్పు లేదు, వెల్లుల్లి లేదు, చచ్చిన రుచి. అక్కా, మనమే కొడదాం, మనమే ప్యాకెట్లు కడదాం. వాళ్ళు పిలవకపోతే పీడాపోయె. మన కారమే వాళ్ళ దగ్గరికి పోద్ది."

"కొట్టేది మనమేగా?" అని అడిగింది పెద్దమ్మ. ఆవిడకి కావాల్సింది అదొక్కటే.

"మనం కాకపోతే ఇంకెవరు? నీ చేతిలో పని పోనిస్తానా అక్కా నేను? నువ్వు లేకపోతే నేనెక్కడుండేదాన్ని?" అంది అమ్మ. ఆ మాట నేను విన్నాను. ఆ తర్వాత జరిగినదంతా ఆ మాట నిలబెట్టుకోవడానికి అమ్మ పడ్డ పాట్లే. అమ్మకి ఇంకో సంతోషం కూడా ఉండేది, అది నా దగ్గర మాత్రమే చెప్పింది. "చూడవే, మనం పెరటి దారిన పోయాం ఇన్నాళ్ళూ. ఈ ప్యాకెట్టు ముందు గుమ్మంలోంచి పోద్ది. ఎవరు కొట్టారని ఎవడూ అడగడు."

మరుసటి ఏడు కొత్త కాయలు రాగానే యార్డులో కొన్నాం. మా వాకిట్లోనే రోలు పాతారు. కవర్లు గుంటూరు నుంచి తెచ్చాం. వాటిని అంటించే మిషను కొనే స్తోమత ఎక్కడిది? అందరూ చేసే పనే మేమూ చేశాం. కవరు మూతి మీద హాక్సా బ్లేడు పెట్టి, అంచు మడిచి, కొవ్వొత్తి మంట మీద మెల్లిగా లాగితే అంటుకుపోతుంది. చెయ్యి కాస్త ఆలస్యమైతే కవరు చిల్లిపడుతుంది, తొందరపడితే అంటుకోదు. ఆ పని నాది. మిరపకాయ బొమ్మ వేసి, కింద "ఇంటి కారం" అని రాసి నేను గీసిచ్చిన చీటీ ప్రెస్సువాడు ఎర్ర ఇంకుతో అచ్చువేశాడు. డిగ్రీలో కామర్స్ చదువుతున్నానని నాకు కాస్త కళ్ళు నెత్తికెక్కి ఉండేవి. ఆ చీటీని క్లాసులో అందరికీ చూపించాను.

సాయిబు గారు మా ప్యాకెట్లు కొట్టు ముందర తాడుకి దండలా వేలాడగట్టారు. ఆయనకి తెలిసిన ఇంకో ఇద్దరు కొట్లవాళ్ళకీ ఇప్పించారు. జనం ఎగబడ్డారనే చెప్పాలి. ప్యాకెట్టు బయటి నుంచే వెల్లుల్లి వాసన కొట్టేది. "అచ్చం మా అమ్మమ్మ కొట్టించిన కారంలా ఉంది" అని ఎవరో అన్నారట. ఆ మాట సాయిబు గారు చెబితే పెద్దమ్మ రోకలి పక్కన పెట్టి, "నేనే గదా కొట్టింది వాళ్ళమ్మమ్మకి," అంది. ఆ రెండు నెలలూ మా వాకిలి పండగలా ఉండేది. పెద్దమ్మ పాత కీర్తనలు పాడుతూ పోటు వేసేది. పక్కవీధి ఆడవాళ్ళు ఇద్దరు సాయం వచ్చేవాళ్ళు. నాన్న కూడా మిల్లు నుంచి రాగానే చేతులు కడుక్కుని జల్లెడ పట్టేవాడు.

తొలకరి జల్లులు పడ్డాయి. నాలుగు రోజులు ముసురు పట్టింది. ముసురు వదిలిన మధ్యాహ్నం సాయిబు గారు సైకిలు మీద ఒక గోనెసంచి వేసుకుని మా వాకిట్లోకి వచ్చారు. సంచిలోవి మా ప్యాకెట్లే. కవరు లోపల చెమట పట్టింది. కారం గడ్డకట్టింది. ఎర్రగా ఉండాల్సింది ఇటుక రంగుకి తిరిగింది. ఒకటి విప్పితే మధ్యలో తెల్లటి బూజు, ముక్కు పుటాలు తట్టుకోలేని పులిసిన కంపు.

"మిగతా కొట్లవాళ్ళు కూడా తీసుకుపొమ్మంటున్నారు చెల్లెమ్మా," అన్నారాయన. "తిట్టలేదులే. మళ్ళీ ఇవ్వొద్దన్నారు, అంతే."

పెద్దమ్మకి అర్థం కాలేదు. "ఎట్టా పాడైద్ది? ఇదే కారం జాడీలో పోసి, గుడ్డతో వాసెన కడితే మళ్ళీ ఎండాకాలం దాకా ఈగ వాలదు. నా చేతిలో కారం ఎప్పుడన్నా బూజు పట్టిందా?" అని గట్టిగానే అరిచింది. నిజమే, ఎప్పుడూ పట్టలేదు. జాడీ మూతికి కట్టిన గుడ్డలోంచి గాలి ఆడుతుంది. ఇంటి ఆడవాళ్ళు నెలకోసారి కలియబెడతారు, ఎండ చూపిస్తారు. మేము చేసిందేమిటి? రోట్లోంచి తీసిన కారాన్ని, వెల్లుల్లి తడి ఆరకుండా, చెమ్మ పీల్చే కల్లుప్పుతో సహా ప్లాస్టిక్కులో పోసి గాలి చొరకుండా అంటించాం. ఎండలో వేలాడదీశాం. ఉడకక ఏమవుతుంది? మావాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. కారంలో వెల్లుల్లి వేయకుండా ఉండొచ్చన్న ఆలోచన కూడా రాని మనుషులు మావాళ్ళు.

సాయిబు గారు అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, మెల్లిగా చెప్పారు. "ఒట్టి కారం చెయ్యండి చెల్లెమ్మా. ఉప్పొద్దు, ధనియాలొద్దు, వెల్లుల్లొద్దు. కాయ బాగా ఎండబెట్టి మరలో పోయించండి. సన్నగా వస్తది, పొడిగా ఉంటది. ఆర్నెల్లయినా కవరులో కదలదు."

"ఒట్టి కారం ఎవరు తింటారన్నా?" అంది అమ్మ.

"ఎవరి వెల్లుల్లి వాళ్ళింట్లో ఉందమ్మా. ఆఫీసుకి పోయే ఆడమనిషికి నీ చేతి రుచి ఎందుకు? కూరలో వేసుకునేదానికి ఎర్రగా ఇంత కారం కావాలి, అంతే."

ఆయన మాటల్లో ఏం ఉందో అందరికీ తెలిసింది. మరలో పోయిస్తే రోకలితో పనేముంది? రోకలి లేకపోతే పెద్దమ్మ ఏం చేస్తుంది? ఆయనకీ తెలుసు. టీ గ్లాసు కింద పెట్టి, పెద్దమ్మ వైపు చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయారు.

అమ్మ ఒప్పుకోలేదు. మిగిలిన కాయలతో వానాకాలమంతా మళ్ళీ రోట్లోనే కొట్టారు. ఈసారి వెల్లుల్లి మానేశారు. అయినా రోట్లో కొట్టిన కారం ఒకసారి సన్నగా, ఒకసారి బరకగా వచ్చేది. టీవీ కారానికి అలవాటుపడ్డవాళ్ళు, ఇందులో పొట్టు ఉంది, గింజలు తగులుతున్నాయి అని వంకలు పెట్టేవాళ్ళు. ఇద్దరాడవాళ్ళు వారమంతా కొట్టినది ఒక్క కొట్టుకి కూడా చాలేది కాదు. అమ్మ చేతులు బొబ్బలెక్కాయి. మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. నేను ఒకరోజు ఉండబట్టలేక అరిచాను. "మరకి పోవే అమ్మా. మనం మొండికేస్తే లోకం ఆగుతుందా? పెద్దమ్మ కోసం అందరం మునిగిపోదామా?" పెద్దమ్మ పక్క గదిలోనే ఉంది, వింది. నేను అన్న తీరుకి అమ్మ నా చెంప పగలగొట్టింది. అన్న మాట మాత్రం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. నిజమైన మాట కాబట్టే అమ్మకి అంత కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మే కాయల బస్తా రిక్షాలో వేయించింది. "పదవే, ఆ మరేందో చూసొద్దాం," అంది అమ్మతో. ముగ్గురం వెళ్ళాం. మరవాడు కాయలు పైన పోశాడు, బెల్టు గిర్రున తిరిగింది, కింద గుడ్డగొట్టంలోంచి ఎర్రటి కారం డబ్బాలోకి దిగింది. మేము నిలబడే ఉన్నాం, బస్తా అయిపోయింది. పెద్దమ్మ గుప్పెడు కారం చేతిలోకి తీసుకుని చూసింది.

"జరమొచ్చినట్టు కాలిపోతందే," అంది. వేళ్ళతో నలిపి చూసి, "సన్నగానే ఉందిలే. మనకి రాదు ఇంత సన్నగా," అంది. అమ్మ తల తిప్పుకుంది. పెద్దమ్మ తన పనిని తక్కువ చేసి మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

అమ్మ అంత తేలిగ్గా వదల్లేదు. కొట్టే పని లేకపోతే కట్టే పని ఉంది కదా అంది. "అక్కా, నువ్వు కవర్లలో పొయ్యి. అమ్మాయి అంటిస్తది. కూర్చుని చేసే పనేగా." పెద్దమ్మ సరేనని కూర్చుంది. ఆ కవర్లు చాలా పల్చగా ఉండేవి, రెండు పొరలు అతుక్కుపోయి ఉంటాయి. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే మూతి విచ్చుకుంటుంది. పెద్దమ్మ వేళ్ళు రోకలి పట్టి పట్టి మొద్దుబారిపోయాయి. అరచేయంతా కాయలు కాసి గట్టిగా ఉండేది. ఆవిడ ఎంత నలిపినా కవరు విచ్చుకునేది కాదు. నోటితో ఊదేది. ఎంగిలి తగిలితే కారం పాడవుతుందని నేను అనేసరికి మానేసింది. కొవ్వొత్తి దగ్గర కూర్చోబెడితే మంట వేలికి తగులుతున్నా తెలిసేది కాదు, కవర్లు కాలిపోయేవి. మొదట నవ్వింది. "ఎంత పెద్ద రోలునైనా లొంగదీశాను గానీ, ఈ ముదనష్టపు కాయితం లొంగట్లేదే," అంది. మేమూ నవ్వాం. రెండోరోజు నవ్వలేదు. ఆవిడ ఒక కవరు విప్పేలోపు నేను డజను కట్టేసేదాన్ని. నేను కావాలని నెమ్మదిగా చేయడం మొదలుపెట్టాను. ఆవిడ గమనించింది. అది ఇంకా ఎక్కువ నొప్పి పెట్టిందనుకుంటాను.

ఆ వారం చివర్లో ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నాలు తిన్నాక, పెద్దమ్మ తన ట్రంకు పెట్టె తీసుకుని బయటికి వచ్చింది.

"సత్తెనపల్లి పోతన్నా. మా మరిది వాళ్ళు పత్తి తీతకి మనుషులు చాలట్లేదంటన్నారు."

"ఈ వయసులో పత్తి తీతకా? ఎండలో? ఇక్కడ నీకేం తక్కువైంది అక్కా?" అమ్మ పెట్టె పట్టుకుని లాగింది.

"తక్కువేం లేదే. ఊరికే కూర్చోబెట్టి అన్నం పెడతన్నావ్. నాకది సగించట్లా." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే బాధ. తిడితే బాగుండేది, అమ్మ కాళ్ళు పట్టుకుని ఆపేది. ఆవిడ నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "బుద్ధిగా చదువుకో అమ్మాయ్," అని బస్సు ఎక్కింది.

ఆ తర్వాత మా వ్యాపారం నిలబడింది. అబద్ధం చెప్పను, బాగానే నిలబడింది. కవర్లు అంటించే కరెంటు మిషను వచ్చింది. సాయిబు గారి తమ్ముడు మంగళగిరి వైపూ, సత్తెనపల్లి వైపూ సైకిలు మీదా, తర్వాత మోపెడ్ మీదా తిరిగి కొట్లకి సరుకు వేసేవాడు. టీవీ కారం కన్నా చవగ్గా ఇచ్చేవాళ్ళం కాబట్టి పల్లెటూళ్ళలో బాగా పోయేది. పత్తి మిల్లు మూడు నెలలు మూతబడ్డ ఏడాది ఇల్లు గడిచింది దాని మీదే. నా డిగ్రీ అయింది దాని మీదే. వీధిలో వాళ్ళు అమ్మని చూసి, తెలివైన మనిషి అనేవాళ్ళు. అమ్మ ఆ మాట వింటే సంతోషించేది కాదు. సత్తెనపల్లికి మనిషి పోతున్నాడంటే పెద్దమ్మకి డబ్బులిచ్చి పంపేది. ఆ డబ్బులు అటునుంచి అటే తిరిగొచ్చేవి. చీర పంపితే, ఎవరిదో పెళ్ళికి పెట్టేశానని కబురు వచ్చేది.

పెద్దమ్మ వెళ్ళిన మరుసటి ఏడాది పత్తి తీత రోజుల్లో అమ్మా నేనూ సత్తెనపల్లి వెళ్ళాం. పెద్దమ్మని వెనక్కి తీసుకురావాలని అమ్మ ప్రయాణం కట్టింది. దారంతా ఏం చెప్పాలో నాతో అనుకుంటూనే ఉంది. ప్యాకెట్లు కట్టొద్దు, కాయలు చూసి కొనే పని చెయ్యమందాం, కాయ చూడటంలో అక్కని మించినవాళ్ళు లేరు, అంది. నాకూ అది మంచి మాటే అనిపించింది.

మరిది ఇంటి వెనక రేకుల పాకలో ఉంటోంది పెద్దమ్మ. అప్పుడే చేలోంచి వచ్చినట్టుంది, ఒళ్ళో పత్తి పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. చిక్కిపోయింది. పత్తికాయల మొనలు గీసుకుని గోళ్ళ పక్కన చీలికలు పడ్డాయి. మమ్మల్ని చూసి, "ఒసేయ్, చెప్పకుండా ఊడిపడ్డారేందే!" అని గట్టిగా నవ్వింది. ఆ నవ్వు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి అన్నం వండింది. పప్పు చేసేదాకా ఆగలేమంటే, వేడన్నం పెట్టి, నూనె పోసి, చూరులో దోపిన ఒక ప్యాకెట్టు తీసి అందులోంచి కారం వేసింది.

మా ప్యాకెట్టే. నేను గీసిన మిరపకాయ. మూతి మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

"ఎక్కడిదక్కా ఇది?" అంది అమ్మ.

"కొట్లో కొన్నా. ఎక్కడిదేంది?"

"నువ్వు కొనుక్కోవడమేంది? నాకు ఒక్క మాట చెబితే పంపనా? ఆ మోపెడ్ మనిషి వారం వారం ఈ బజారుకే వస్తాడు గదా. నువ్వడిగితే నేను కాదంటానా?"

పెద్దమ్మ తన కంచంలో కారం వేసుకుని, నూనె పోసుకుని కలుపుకుంది.

"నువ్వు ఇస్తావని తెలుసే," అంది. "ఇస్తావనే అడగలా."

దారంతా అనుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటి కూడా అమ్మ నోట్లోంచి రాలేదు. పెద్దమ్మ తింటూనే ఉంది. ఆ ఏడు చేల గురించీ, దోమ పట్టి పూత రాలిపోవడం గురించీ, మరిది మనవరాలి బారసాల గురించీ చెబుతూనే ఉంది. నేనే ఊ కొట్టాను. అమ్మ ఆ ముద్దలన్నీ తల ఎత్తకుండా తినేసింది, కంచం కడిగి బోర్లించింది, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతామంది. పెద్దమ్మ బస్సు దాకా వచ్చి మమ్మల్ని ఎక్కించింది. కిటికీలోంచి అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది, బస్సు కదిలినా వదల్లేదు. పెద్దమ్మ నాలుగడుగులు బస్సు పక్కనే నడిచి, తనే విడిపించుకుంది.